స్నేహితుడితో కలిసి ఇంట్లో పాత వీడియో గేమ్ మెషిన్ తయారీ: ఏది ముందు కొనాలి, ఎంత సైజు, రాస్ప్‌బెర్రీ పై కావాలా, పీసీ చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు హైదరాబాద్ నిజాంపేటలో, లైనక్స్ తెలిసిన మీ ఫ్రెండ్ ఉప్పల్‌లో, ఇద్దరివీ అపార్ట్‌మెంట్లే. ఇద్దరూ చిన్నప్పుడు గల్లీ చివర వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ళలు తగలేసిన బ్యాచ్. ఇప్పుడు ముప్పై వేల లోపు ఇద్దరూ కలిసి ఇంట్లో ఒక ఆర్కేడ్ మెషిన్ తయారు చేసుకోవాలి, దాంట్లో స్ట్రీట్ ఫైటర్ లాంటి పాత ఆటలు ఆడాలి. నిలబడి ఆడే పెద్దది చేయాలా, టేబుల్ మీద పెట్టే చిన్నది చేయాలా, రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) కొనాలా, పాత కంప్యూటర్ సరిపోతుందా, చెక్క ఎక్కడ కోయించాలి, ఇద్దరి మధ్య ఖర్చు ఎలా పంచుకోవాలి, చివరగా కాయిన్ వేసే స్లాట్ పెట్టొచ్చా.

సూటిగా చెప్తా. టేబుల్ మీద పెట్టే సైజే చేయండి. లోపల ఆఫీసుల నుంచి బయటికొచ్చిన సెకండ్ హ్యాండ్ చిన్న పీసీ, ముందు 19 అంగుళాల పాత చదరపు మానిటర్. కానీ అన్నిటికన్నా ముందు కొనాల్సింది జాయ్‌స్టిక్‌లు, బటన్లు. ప్లైవుడ్ షాపు గడప చిట్టచివర తొక్కండి. ముప్పై వేలు సరిపోతాయి, కొంచెం మిగుల్తుంది కూడా.

నేనూ మా ఫ్రెండూ కలిసి ఇలాంటివి కొన్ని మా ఇళ్ళకి, కొన్ని తెలిసినవాళ్ళకి చేశాం. చెక్కపని వాడిది, వైర్లూ సాఫ్ట్‌వేరూ నావి. కింద రాసేదంతా అందులోంచే.

ముందు ప్యానెల్ (జాయ్‌స్టిక్‌లు, బటన్లు బిగించే పలక) ఎందుకు

ఈ పనిలో దిగేవాళ్ళు చాలామంది డబ్బాతో మొదలుపెడతారు, ఎందుకంటే నెట్‌లో దొరికే డ్రాయింగులన్నీ డబ్బావే, చూడ్డానికీ అదే ముచ్చటగా ఉంటుంది. ప్లైవుడ్ కోయించి, నాలుగు పలకలు నిలబెట్టి, ఫోటో తీసి స్టేటస్ పెట్టేదాకా ఊపు బాగానే ఉంటుంది. ఆ తర్వాత బటన్ల లెక్క తేలదు, మానిటర్ సైజు తేలదు, డబ్బా బాల్కనీలోకి వెళ్తుంది, ఇంట్లోవాళ్ళు దాని మీద బట్టలు ఆరేస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు తెలిసినాయన ఒకరు నిలువెత్తు డబ్బా టెర్రస్ మీద చేయించి, అది లిఫ్టులో పట్టక, మెట్ల మలుపులో తిరగక, చివరికి పైనే టార్పాలిన్ కప్పి ఉంచారు. వానాకాలం వచ్చేసరికి అడుగు ఉబ్బిపోయింది. మీవి రెండూ అపార్ట్‌మెంట్లే కాబట్టి పెద్ద సైజు ఆలోచన వచ్చినప్పుడల్లా ఒకసారి లిఫ్టు తలుపు కొలిచి రండి. తర్వాత ఎప్పుడైనా ఎత్తు కావాలంటే కింద ఒక స్టాండు విడిగా చేసి దాని మీద దీన్ని పెట్టుకోవచ్చు, అదేం కష్టం కాదు.

ఆడేటప్పుడు మీ చేతికి తగిలేది ప్యానెల్ ఒక్కటే. అందుకే ముందు అట్టపెట్టెతో చేసి చూడండి. మైక్రోవేవ్ వచ్చిన పెట్టె లాంటిది తీసుకోండి, మిక్సీ పెట్టె చిన్నదైపోతుంది. పైభాగంలో పిల్లలు పరీక్షలకి తీసుకెళ్ళే అట్టలు రెండు పక్కపక్కన బిగించండి. ఆ అట్ట మందం సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికి జాయ్‌స్టిక్ నట్టు బోల్టులతో గట్టిగా నిలుస్తుంది, నొక్కితే క్లిప్ పడే బటన్లు కూడా చక్కగా పడతాయి, కానీ అవి తర్వాత చెక్కకి పనికిరావు కాబట్టి కొనేటప్పుడే నట్టు తిప్పి బిగించే రకం తీసుకోండి. బటన్ల అమరిక కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీసి అంటించి, కట్టర్‌తో గుండ్రాలు కోయండి. పెట్టెలో రెండు ఇటుకలు పెట్టండి, లేకపోతే ఆట వేడెక్కాక పెట్టె మొత్తం ఒళ్ళో పడుతుంది. కింద చెప్పినట్టు వైరింగ్ చేసి, యూఎస్‌బీ వైరు మీ లాప్‌టాప్‌కి పెట్టి, లాప్‌టాప్‌ని టీవీకి కలిపి, ఇద్దరూ రెండు మూడు వారాంతాలు ఆడండి.

ఇలా ఆడితే ఏ డ్రాయింగూ చెప్పని సంగతులు బయటపడతాయి. మణికట్టు ప్యానెల్ అంచుకి ఒరుసుకుంటుందా, జాయ్‌స్టిక్కి బటన్లకి మధ్య దూరం మీ భుజాలకి తగినట్టు ఉందా, పక్కనున్నవాడి మోచెయ్యి తగుల్తోందా. ఇద్దరు పెద్దవాళ్ళు పక్కపక్కన ఆడాలంటే ప్యానెల్ కనీసం 28 అంగుళాల వెడల్పు ఉండాలని నా అభిప్రాయం. 19 అంగుళాల చదరపు మానిటర్ వెడల్పు సుమారు 16 అంగుళాలే, కాబట్టి డబ్బా సన్నగా ఉండి ప్యానెల్ రెండు పక్కలా బయటికి వస్తుంది. చూడ్డానికి కొంచెం వింతగా ఉన్నా ఆడ్డానికి హాయి.

ఎన్ని బటన్లు?

మీరు నిజంగా ఏ ఆటలు ఆడతారో దాన్నిబట్టి. మన దగ్గర అందరూ ముస్తఫా అని పిలిచే ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. దానికి రెండే బటన్లు, కొట్టడానికి ఒకటి, ఎగరడానికి ఒకటి. అది అసలు ముగ్గురు ఆడే ఆట. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97కి నాలుగు కావాలి. స్ట్రీట్ ఫైటర్ 2 (1991) అయితే ఆరు, మూడు గుద్దులు, మూడు తన్నులు. మెటల్ స్లగ్‌కి మూడు చాలు. ప్యాక్‌మ్యాన్‌కి బటనే అక్కర్లేదు.

మీ లిస్టులో స్ట్రీట్ ఫైటర్ ఉంది కాబట్టి ఆరు పెట్టుకోండి, దానికి తోడు ఒక్కొక్కరికి స్టార్ట్ బటన్, కాయిన్ బటన్. అక్కడితో ఆపండి. ఎనిమిదీ పదీ పెట్టి, రంగురంగుల లైట్లు పెట్టి, విమానం కాక్‌పిట్‌లా చేస్తే ఇంటికొచ్చిన పిల్లలు ఏది నొక్కాలో తెలియక అన్నీ నొక్కుతారు. స్టార్ట్, కాయిన్ బటన్లని ఆట బటన్లకి దూరంగా, పైన లేదా ముందు పక్కన పెట్టండి. బటన్ల మధ్య దూరం, అంటే ఒకదాని కేంద్రం నుంచి ఇంకోదాని కేంద్రానికి, 36 మిల్లీమీటర్లకి అటూఇటుగా ఉంటే వేళ్ళు ఇరుకవ్వవు.

ఇక జాయ్‌స్టిక్. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇప్పుడు దొరికేవి దాదాపు అన్నీ ఎనిమిది దిక్కులవి. ఫైటింగ్ ఆటలకి అదే కావాలి. కానీ 1980 నాటి ప్యాక్‌మ్యాన్, 1981 నాటి డాంకీ కాంగ్ లాంటివి నాలుగు దిక్కుల స్టిక్ కోసం చేసిన ఆటలు. వీటిని ఎనిమిది దిక్కుల దాంతో ఆడితే సరిగ్గా మలుపు దగ్గర స్టిక్ మూలకి పోతుంది, పైకీ పక్కకీ రెండు స్విచ్‌లూ ఒకేసారి పడతాయి, మీరు తిప్పానని అనుకుంటారు, ప్యాక్‌మ్యాన్ నేరుగా పోయి దెయ్యం నోట్లో పడతాడు. పరిష్కారం తేలికే, స్టిక్ అడుగున చదరపు ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, చాలా మోడళ్ళలో దాన్ని తిప్పి బిగిస్తే నాలుగు దిక్కులకి మారుతుంది. కొనేముందు షాపులో ఆ ముక్క తిరుగుతుందా లేదా అడగండి. ఆడేది ఎక్కువ ముస్తఫా, కింగ్ ఆఫ్ ఫైటర్సే అయితే దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

వైరింగ్

భయపడాల్సిందేం లేదు, సోల్డరింగ్ కూడా అక్కర్లేదు. ఇద్దరు ఆడే కిట్ అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది: రెండు జాయ్‌స్టిక్‌లు, బటన్లు, రెండు యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు (ఏ బటన్ నొక్కారో కంప్యూటర్‌కి చెప్పేవి), తగిలించే వైర్లతో సహా. ప్రతి బటన్‌కీ రెండు కాళ్ళు, ఒక్కో జత వైరు బోర్డు మీద ఒక్కో సాకెట్‌లోకి పోతుంది. ఏ బటన్ ఏ సాకెట్ అన్నది పెద్ద పట్టింపు కాదు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. కానీ రెండు బోర్డులకీ ఒకే వరసలో తగిలించండి, లేకపోతే సెట్టింగులు రెండుసార్లు చేయాలి.

దాదాపు ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే సమస్య ఇంకోటి ఉంది. రెండు బోర్డులూ ఒకే కంపెనీవి, రెండూ కంప్యూటర్‌కి ఒకే పేరు చెప్తాయి. దాంతో ఏదో ఒకరోజు ఆన్ చేసేసరికి కుడివైపు వాడు ఒకటో ప్లేయర్ అయి కూర్చుంటాడు. మెషిన్ పాడైందనుకుని వైర్లు పీకకండి. రెండు బోర్డులనీ ఎప్పుడూ అవే యూఎస్‌బీ పోర్టుల్లో ఉంచి, వైరుకి ఒకటి, రెండు అని టేపు అంటించండి. చాలా సందర్భాల్లో ఇంతటితో తీరిపోతుంది. అప్పటికీ మారుతుంటే, లైనక్స్ తెలిసిన మీ ఫ్రెండ్ పోర్టు ఆధారంగా ఒక రూల్ రాసి పెట్టొచ్చు, లేదా రెండు బోర్డులకి బదులు ఇద్దరు ప్లేయర్లకీ కలిపి ఒకే బోర్డుగా వచ్చేది కొనొచ్చు, అది కొంచెం ఖరీదు.

బటన్ నొక్కాక కొంచెం ఆలస్యంగా పడుతోందని అనిపిస్తే బోర్డుని తిట్టే ముందు స్క్రీన్‌ని అనుమానించండి. టీవీకి కలిపి ఆడుతుంటే సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి, టీవీ బొమ్మని మెరుగులు దిద్దడానికి తీసుకునే టైమే చాలాసార్లు అసలు దొంగ. పాత కంప్యూటర్ మానిటర్లలో ఈ గోల తక్కువ.

పై కావాలా పీసీ కావాలా

రాస్ప్‌బెర్రీ పై చెడ్డదని కాదు. 2019లో వచ్చిన పై 4 మీద మీరు చెప్పిన ఆటలన్నీ నడుస్తాయి. కానీ లెక్క వేసి చూడండి: బోర్డు, 5 వోల్టులు 3 ఆంపియర్ల మంచి అడాప్టర్, మెమరీ కార్డు, కేసు, మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్, పాత మానిటర్‌కి పెట్టాలంటే ఇంకో కన్వర్టర్. అన్నీ కలిపితే ఆఫీసుల నుంచి వచ్చే పుస్తకం సైజు మినీ పీసీ ధరకి దగ్గరకొస్తుంది. ఆ పీసీలో ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, అడాప్టర్ అన్నీ దాంతోనే వస్తాయి. ఇంటెల్ ఆరో తరం ఐ3 గానీ ఐ5 గానీ ప్రాసెసర్ చాలు, మాకు ఎనిమిది నుంచి పది వేల మధ్య దొరికాయి, మీ బేరాన్నిబట్టి అటూఇటూ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) వెళ్తే ఒక్క పూటలో పది షాపులు తిరగొచ్చు. ఎక్కడ కొన్నా ఆన్ చేయించి, కనీసం పావుగంట నడిపించి, బిల్లు మీద వారంటీ రాయించుకోండి.

సాఫ్ట్‌వేర్ సంగతి: బటోసెరా (Batocera) అని పాత ఆటలు ఆడించే ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాన్నుంచే బూట్ చేయొచ్చు, పీసీలో ఉన్న విండోస్‌ని ముట్టుకోనక్కర్లేదు. దీంట్లో పాత ఆర్కేడ్ బోర్డుల్ని అనుకరించే పని మేమ్ (MAME) లాంటి ప్రోగ్రాములు చేస్తాయి. మేమ్ 1997 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందనేది మన ఊళ్ళో ముఖ్యం. ఆట మధ్యలో కరెంటు పోతే మెమరీ కార్డు మీద నడిచే రాస్ప్‌బెర్రీ పై ఒక్కోసారి మళ్ళీ బూట్ కాదు, కార్డు మళ్ళీ రాయాలి. ఎస్‌ఎస్‌డీ ఉన్న పీసీ ఈ దెబ్బకి కొంచెం తట్టుకుంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే దానికీ ఇదే ప్రమాదం, అందుకని అన్నీ కుదిరాక ఎస్‌ఎస్‌డీలోకి మార్చేయండి, అప్పుడు విండోస్ పోతుంది, అది తెలిసి చేయండి. పీసీ బయోస్‌లో (ఆన్ అవుతుండగా తెరిచే మెనూ) కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలి అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ అని పెడితే గోడ స్విచ్ వేయగానే మెషిన్ దానంతటదే లేస్తుంది. ఆపేటప్పుడు మాత్రం మెనూలోంచే ఆపాలి, ఇది ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పండి.

మానిటర్

పాత ఆటలు చాలావరకు 4:3 నిష్పత్తిలో తీసినవి. కొత్త వెడల్పాటి మానిటర్ పెడితే రెండు పక్కలా నల్ల పట్టీలు, లేదా సాగదీసిన బొమ్మ, అందులో ముస్తఫా పొట్టిగా బొద్దుగా కనిపిస్తాడు. 1280×1024 ఉండే 19 అంగుళాల పాత ఎల్‌సీడీలో 4:3 బొమ్మ 1280×960 వస్తుంది, పైనా కిందా సన్నటి నల్ల గీతలు తప్ప స్క్రీన్ అంతా వాడుకలోకొస్తుంది. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో వాడి తీసేసినవి రెండు వేల చుట్టుపక్కల దొరుకుతాయి.

కొనేముందు షాపులోనే రెండు పరీక్షలు చేయండి. ఒకటి, మానిటర్ ఆన్‌లో ఉండగా ప్లగ్ పీకి మళ్ళీ పెట్టండి. దానంతటదే వెలిగితే తీసుకోండి. బటన్ నొక్కితే తప్ప వెలగని మోడళ్ళు కొన్నుంటాయి, డబ్బాలో బిగించాక ఆ బటన్ చేతికి అందదు. రెండు, మానిటర్‌ని వెనక్కి వాల్చి పైనుంచీ, వంగి కిందనుంచీ చూడండి. పాత చవక మానిటర్లలో కిందనుంచి చూస్తే రంగులు ఫోటో నెగెటివ్‌లా తిరగబడతాయి. నిలబడి ఆడేవాడు, కుర్చీలో కూర్చుని ఆడేవాడు, ఎత్తు చాలని పిల్లాడు, ముగ్గురికీ బొమ్మ కనిపించాలి కదా.

ఎవరైనా పాత పిక్చర్ ట్యూబ్ టీవీ పెడితే అసలు మజా అని చెప్తారు, అది నిజమే, బొమ్మ చాలా బాగుంటుంది. కానీ దాన్ని విప్పి డబ్బాలో పెట్టే పని మీరు చేయొద్దు. ప్లగ్ తీసేశాక కూడా ట్యూబులో ప్రమాదకరమైన హై వోల్టేజ్ నిలిచి ఉంటుంది. పని తెలిసిన టీవీ మెకానిక్ పక్కన ఉంటే తప్ప దాని జోలికి పోకండి.

చెక్క

ఇప్పుడు వెళ్ళండి ప్లైవుడ్ షాపుకి. పక్క పలకలకి 18 మిల్లీమీటర్లు, ప్యానెల్ పైభాగానికి మాత్రం 12 కంటే మందం వద్దు. కారణం, జాయ్‌స్టిక్ కాడ పొడవు పరిమితం, మందమైన చెక్క కింద బిగిస్తే పైకి బెత్తెడు కూడా రాదు, ఆడుతుంటే మునివేళ్ళతో పట్టుకోవాల్సి వస్తుంది. 12 మిల్లీమీటర్లలో కూడా స్టిక్ బిగించే చోట కింది నుంచి సగం మందం చెక్కించండి, కార్పెంటర్ దగ్గర చెక్కలో గాడి తీసే రౌటర్ మెషిన్ ఉంటే ఐదు నిమిషాల పని. బటన్లకీ ఇదే లెక్క: క్లిప్ పడే రకం సన్నటి పలకకే పనికొస్తుంది, చెక్కలో అది పట్టదు. అడుగున ప్లాస్టిక్ నట్టు తిప్పి బిగించే రకం, మెడ పొడవున్నది అడగండి. ఈ ఒక్క కారణంతో బటన్లు మళ్ళీ కొన్నవాళ్ళు నాకు తెలుసు.

ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) చవక, కోత నున్నగా వస్తుంది, కానీ ఇల్లు తుడిచేటప్పుడు తడి తగిలినా, వానాకాలం తేమ పట్టినా అంచులు ఉబ్బుతాయి, స్క్రూ ఒకసారి విప్పి బిగిస్తే వదులవుతుంది. బీడబ్ల్యూఆర్ గ్రేడ్ (నీటికి తట్టుకునే) ప్లైవుడ్ తీసుకోండి. చెదలు పట్టే ఇల్లయితే ఇక వేరే ఆలోచనే వద్దు. ఎనిమిది బై నాలుగు షీటు మొత్తం అక్కర్లేదు, చాలా షాపుల్లో పనివాళ్ళు వదిలేసిన ముక్కలుంటాయి, అవి అడిగితే సగానికి సగం ఖర్చు తగ్గుతుంది.

మన కార్పెంటర్లు ఇంచులూ సూత్‌లలో పనిచేస్తారు, ఇంచుకి ఎనిమిది సూత్‌లు. నెట్‌లో డ్రాయింగులు మిల్లీమీటర్లలో ఉంటాయి. మీరు మిల్లీమీటర్లు చెప్పి, ఆయన మనసులో సూత్‌లకి మార్చుకుని, చివరికి 30 మిల్లీమీటర్ల బటన్ 28 మిల్లీమీటర్ల రంధ్రంలో దిగదు. నోటితో కొలతలు చెప్పకండి. అట్టపెట్టె మీద వాడిన కాగితమే తీసుకెళ్ళి చెక్కకి అంటించి, దాని మీదే కోయమనండి. జేబులో ఒక బటన్ కూడా వేసుకెళ్ళండి, పనికిరాని ముక్క మీద ఒక రంధ్రం వేయించి బటన్ దింపి చూశాకే అసలు పలక ముట్టుకోనివ్వండి. రంధ్రాలకి 30 మిల్లీమీటర్ల హోల్ సా ఆయన దగ్గర లేకపోతే రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది.

సన్‌మైకా అంటించాకే రంధ్రాలు వేయాలి. అంచు పెచ్చులు లేవకుండా పైన మాస్కింగ్ టేపు, కింద ఇంకో చెక్క ముక్క పెట్టి, డ్రిల్ నెమ్మదిగా తిప్పమనండి. కోసిన అంచులకి మామూలు పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ చాలు. అమెరికా వీడియోల్లో చూపించే టీ ఆకారం ప్లాస్టిక్ అంచు కోసం వెతుక్కుంటూ కూర్చోకండి.

వెనక తలుపు స్క్రూలతో మూసేయొద్దు, కబ్జాలు పెట్టండి, మొదటి నెలలో రోజూ తెరుస్తారు. మే నెలలో మన గదుల్లో వేడి మీకు తెలిసిందే, కాబట్టి కింద గాలి లోపలికి రావడానికి చిల్లులు, పైన వేడి బయటికి పోవడానికి ఒక 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్. ఆ చిల్లులన్నిటికీ సన్నటి జాలీ కొట్టించండి. లోపల వెచ్చగా, చీకటిగా ఉంటుంది, బల్లులకీ బొద్దింకలకీ అంతకంటే మంచి ఇల్లు ఇంకోటి ఉండదు.

కరెంటు పని

లోపల మూడు పిన్నుల మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి స్క్రూలతో బిగించి, పీసీ, మానిటర్, స్పీకర్ అన్నిటి అడాప్టర్లూ దాంట్లో పెట్టి, బయటికి ఒకే వైరు రానివ్వండి. విడి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే పని 230 వోల్టుల దగ్గర వద్దే వద్దు. స్పీకర్‌కి విడిగా యాంప్లిఫయర్ బోర్డు కొని పీసీ యూఎస్‌బీ నుంచే కరెంటు ఇస్తే చాలాసార్లు గుయ్‌మని శబ్దం వస్తుంది, ఇంట్లో మూలపడి ఉన్న పాత కంప్యూటర్ స్పీకర్లే విప్పి బిగించడం మేలు. పైన పేరు బోర్డుకి ఎల్‌ఈడీ స్ట్రిప్, దాని అడాప్టర్, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో ఒకే చోట అయిపోతాయి. పేరు బోర్డు ఏ ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులోనైనా వెనక లైటు వేసే రకం అని చెప్తే కొట్టిస్తారు, ముందు పాల రంగు యాక్రిలిక్ ముక్క పెట్టండి.

ఇద్దరి మధ్య లెక్క

మీరు ఇది మాటవరసకి అడిగినట్టున్నారు గానీ, నా లెక్కలో ఇది జాయ్‌స్టిక్‌తో సమానం. సగం సగం వేసుకుని అన్నీ కలిపి కొంటే, చివరికి మెషిన్ ఒక్కటే, అది ఒకరింట్లోనే ఉంటుంది. రెండో వాడు ఆడుకోవాలంటే మెట్రోలో నాగోల్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో మారి, జేఎన్టీయూలో దిగి రావాలి. మొదట్లో వస్తాడు. తర్వాత పెళ్ళి, ట్రాన్స్‌ఫర్, ఇల్లు మారడం, ఏదో ఒకటి ఉంటుంది, అప్పుడు నా సగం ఎక్కడ అని ఎవరూ పైకి అడగరు, కానీ మనసులో ఉంటుంది.

నేను చెప్పేది ఏంటంటే ఖర్చు సగం చేయకండి, వస్తువులు పంచుకోండి. పీసీ, మానిటర్ ఒకరివి. ప్యానెల్, డబ్బా ఇంకొకరివి. ధర కూడా దాదాపు సమానంగానే వస్తుంది: అటు పన్నెండు వేలు, ఇటు కిట్ నాలుగు వేలు, చెక్కా కోతా సన్‌మైకా కలిపి ఆరేడు వేలు. ప్యానెల్‌ని డబ్బాకి శాశ్వతంగా బిగించకుండా సీతాకోక నట్లతో పెట్టి, యూఎస్‌బీ వైర్లు రెండు పీకితే ఊడొచ్చేలా చేయండి. అప్పుడు ఉప్పల్ వాడు వారం రోజులు ప్యానెల్ ఇంటికి పట్టుకెళ్ళి తన లాప్‌టాప్‌కి పెట్టుకుని ఆడుకోవచ్చు. మా ఇద్దరి మధ్య ఇలాగే నడుస్తోంది, మా ప్యానెల్ ఇప్పుడు వాడింట్లో ఉంది.

పని కూడా పంచుకోండి, కానీ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నప్పుడే చేయాల్సినవి తక్కువే: అట్టపెట్టె మీద ఆడి చూడ్డం, చివరి బిగింపు. మిగతాదంతా ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చు. కొన్నవాటి బిల్లులు ఒకే వాట్సాప్ గ్రూపులో ఫోటో తీసి పెట్టండి.

ఆటల ఫైళ్ళు

మేమ్, బటోసెరా రెండూ చట్టబద్ధమే, వాటిలో ఆడే ఆటల ఫైళ్ళకి మాత్రం కాపీరైట్ ఉంటుంది, పాతవైనంత మాత్రాన ఉచితం అయిపోవు. గ్రిడ్లీ, రాబీ రోటో లాంటి కొన్నిటిని హక్కుదారులే సొంత వాడకానికి ఉచితంగా వదిలారు, మేమ్ సైట్‌లోనే దొరుకుతాయి, అట్టపెట్టె పరీక్షకి జాయ్‌స్టిక్‌తో ఆడే రాబీ రోటో లాంటివి చాలు. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 గ్లోబల్ మ్యాచ్ పేరుతో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు, క్యాప్‌కామ్ పాత ఆటల కలెక్షన్లూ అలాగే అమ్ముతోంది. పీసీ తీసుకోమనడానికి ఇదీ ఒక కారణం, విండోస్ ఉంచుకుంటే వీటిని నేరుగా ఆడొచ్చు. మెషిన్‌ని కేఫ్‌లోనో హాస్టల్‌లోనో పెట్టి డబ్బులు వసూలు చేసే ఆలోచన ఉంటే అది పూర్తిగా వేరే సంగతి, లైసెన్స్ లేకుండా దిగకండి.

కాయిన్ స్లాట్

పెట్టొచ్చు, కానీ మొదట్లోనే వద్దు. నాణెం గుర్తుపట్టే యంత్రం 12 వోల్టుల మీద నడుస్తుంది, నాణెం పడగానే ఒక పల్స్ ఇస్తుంది, దాన్ని కాయిన్ బటన్ వైర్లకి కలిపితే అయిపోతుంది. చిక్కు మన నాణేలతోనే. రూపాయి బిళ్ళే రకరకాల సైజుల్లో, డిజైన్లలో చెలామణిలో ఉంది, రెండు రూపాయలదీ అంతే. ఈ యంత్రానికి ప్రతి రకాన్నీ కొన్నేసి నాణేలు వేసి విడివిడిగా నేర్పాలి, నేర్పనిది వేస్తే కిందికి ఉమ్మేస్తుంది. మేము ఒకరింట్లో పెట్టినప్పుడు ఒకే సైజు ఐదు రూపాయల బిళ్ళలు ఒక స్టీలు గిన్నెలో పోసి మెషిన్ పక్కనే పెట్టాం, పిల్లలు అవే తీసి అవే వేస్తారు, నిండాక కింద తలుపు తెరిచి మళ్ళీ గిన్నెలో పోస్తారు. మీరు ప్యానెల్ కిందిభాగంలో దానికి తగిన ఖాళీ స్థలం వదిలి, ప్రస్తుతానికి ఒక మామూలు బటన్ పెట్టి నడిపించండి. అట్టపెట్టె దశ అయ్యాక ప్యానెల్ ఫోటో, మీరు కొన్న బటన్ల రకం ఇక్కడే పెట్టండి, చెక్క కోయించేముందు ఒకసారి చూసి చెప్తాను.